నొప్పికి మాతృభాష

నా భార్య ఉద్యోగరీత్యా రెండేండ్లు ఇంగ్లండులో నివసింపవలసి వచ్చినది. అచ్చట ఉండగా పొత్తికడుపునకు కుడిప్రక్క చిన్న ఉబ్బు కనిపించెను. వైద్యులు హెర్నియా యనిరి. మన పాతవైద్యులు ఆంత్రవృద్ధి యందురు. ఉదయము పోయి సాయంకాలమునకు ఇల్లు చేరదగిన స్వల్ప శస్త్రచికిత్స. వీసాతోపాటే ఆరోగ్యరుసుము చెల్లించియుంటిమి గనుక ఆసుపత్రిలో పైకము ప్రసక్తి రాలేదు. నెలలతరబడి వేచియుండవలసి వచ్చినమాటయు నిజమే.

"మీకు దుబాసీ కావలెనా?" అని మొదటిరోజుననే నర్సు అడిగెను. నాకు చిన్నతనమనిపించినది. ఎం. ఏ. పట్టము కలవాడను (తెలుగులోనే యనుకొనుడు). అక్కరలేదంటిని. నొప్పి సున్న మొదలు పదివరకు ఎంత అనగా అంకె చెప్పితిని. "ఎట్టి నొప్పి?" అని అడుగగా నా ఇంగ్లీషు అక్కడ ఆగిపోయినది. బరువెత్తిన పోటు, ప్రొద్దు క్రుంకువేళకు సలుపు, పండుకొన్నపిమ్మట తొడలోనికి దిగు తీపు. ఈ మూటికి నాయొద్ద ఉన్నది "పెయిన్" అను ఒక్క మాట.

ఇంగ్లీషున మాటలు లేక కాదు. మెల్జాక్ అను కెనడాదేశపు శాస్త్రజ్ఞుడు 1975లో ప్రకటించిన ప్రశ్నావళిలో నొప్పిని వర్ణించు మాటలు 78 కలవు. వానిని 20 వర్గములుగా విభజించెను. మనకును కొదువ లేదు: పోటు, సలుపు, తీపు, మంట, పీకు, చురుకు, నులి, తిమ్మిరి. ఇవి పర్యాయపదములు కావు. తరగతిలో వీనిని పర్యాయపదములని చెప్పిన పాపము నాకును కలదు.

నర్సు మారుమాటాడక టెలిఫోను కలిపినది. అవతల ఒక తెలుగుపిల్ల గొంతు. "తీపు" అంటిని. "తియ్యగానా బాబాయిగారూ?" అని తెల్లబోయి, మరుక్షణమే, "ఓహో, కాళ్ళతీపులా! మా అమ్మమ్మ అనేది" అని నవ్వినది. నర్సు వ్రాసికొన్నది.

పిమ్మట వైద్యుడు సమ్మతిపత్రమును వాక్యమునకొక్కమారు ఆగుచు చదివెను. లోపల వలవంటి గుడ్డ కుట్టుదురట; చీము పట్టవచ్చును; నొప్పి చిరకాలము నిలువవచ్చును; ఉబ్బు మరల రావచ్చును; చికిత్స చేయించుకొననిచో ఏమగునో అదియు చెప్పెను. అన్నియు తెలుగులో విన్నపిదపనే నా సంతకము. శస్త్రచికిత్స గూర్చి చెప్పదగినది స్వల్పము. కుడిప్రక్క సిరాతో బాణపుగుర్తు వేసి, పేరును పుట్టినతేదీని నాలుగుమార్లు అడిగి, మత్తుసూది పొడిచి, గంటలో ముగించిరి.

ఆ బల్లపై నాకు మా అమ్మ జ్ఞాపకము వచ్చెను. పదేండ్లక్రిందట మన ప్రాంతపు ఆసుపత్రి యొకదానిలో ఆమెకును ఇట్టి చిన్న చికిత్సయే జరిగినది. గుమాస్తా ఇంగ్లీషుకాగితమును నా చేతికిచ్చెను. అమ్మ మంచముపై కూర్చుండియున్నది. నిత్యము భాగవతము చదువుకొను మనిషి. "ఏం రాశార్రా అందులో?" అని అడిగినది. నేనును చదువలేదు. "ఏమీ లేదమ్మా, మామూలే" అని సంతకము చేసితిని.

ఆ సంతకము చెల్లదు. సమీరా కోహ్లీ వ్యాజ్యమున మన సుప్రీంకోర్టు 2008లోనే ఈ మాట తేల్చినది: ప్రాణాపాయము లేనప్పుడు, తెలివిగల వయోజనురాలికి బదులు కన్నతల్లి ఇచ్చిన సమ్మతియు సమ్మతి కాదు, రోగికి తగిన వివరము తెలిపి ఆమె అంగీకారమునే పొందవలెను. న్యాయము మనకును కలదు. మా అమ్మకు ఇచ్చిన కాగితమున తెలుగు లేదు.

రోగుల రద్దీలో వైద్యునికి అంత తీరిక ఎక్కడిదని అందురు. ఒప్పుకొందును. కాని తెలుగుపత్రమును ముందురోజుననే మంచమువద్ద ఇచ్చిన వైద్యుని కాలమేమియు పోదు. చదివిన రోగి భయపడునన్న వాదము నాకు రుచింపదు. చదువనిచ్చిన తరువాత చూతము. వైద్యవిద్యార్థుల పునాది కోర్సులో 2019లో స్థానికభాషను చేర్చిరి. అందు వ్యాకరణముకంటె ముందు సలుపునకును పోటునకును గల భేదము నేర్పవలెనని నా మనవి. దానికి పదములు సమకూర్చవలసినవారము మనమే, తెలుగు ఉపాధ్యాయులము.

తిరిగివచ్చిన తరువాత మా తరగతిలో, ఇంటి పెద్దల నడిగి నొప్పిమాటలు వ్రాసి తెమ్మంటిని. ఒక విద్యార్థిని "కలుక్కు" అని వ్రాసి, ప్రక్కన "వంగి లేచేటప్పుడు నడుములో, నాయనమ్మది" అని చేర్చినది.