వెళ్లాలనుకుని ఆగిపోతే..

యూరప్‌ ఫుట్‌బాల్‌లో ట్రాన్స్‌ఫర్‌ గడువు ముగిసిన ప్రతిసారీ కొందరు స్టార్లు ఇరుకున పడతారు. వెళ్లిపోతామని చెప్పిన క్లబ్బులోనే మళ్లీ ఆడాలి. చివరి నిమిషంలో కొత్త ఉద్యోగం చేజారిన మీ అబ్బాయి పరిస్థితీ అలాంటిదే.

2013 వేసవిలో లూయిస్‌ సువారెజ్‌ లివర్‌పూల్‌ను వీడతానని పట్టుబట్టాడు. ఆర్సెనల్‌ 4 కోట్ల పౌండ్లకు మరో పౌండు కలిపి ఇస్తామంది. లివర్‌పూల్‌ ఒప్పుకోలేదు. కోచ్‌ బ్రెండన్‌ రోడ్జర్స్‌ అతణ్ని జట్టుకు దూరంగా, ఒంటరిగా సాధన చేయించాడు. అక్కడితో తెగిపోవాల్సిన బంధాన్ని కెప్టెన్‌ స్టీవెన్‌ జెరార్డ్‌ మధ్యలో ఉండి నిలబెట్టాడు. సువారెజ్‌ తిరిగొచ్చి ఆ సీజన్‌ లీగ్‌లో 33 మ్యాచ్‌ల్లో 31 గోల్స్‌ కొట్టాడు. మరుసటి వేసవిలో బార్సిలోనాకు వెళ్లాడు. కోరిక వాయిదా పడింది కానీ ఆ ఏడాది వృథా కాలేదు.

మీ ఇంట్లోనూ ఒకరు జెరార్డ్‌ పాత్ర తీసుకోండి. ‘ముందే చెప్పాం కదా’ అని దెప్పకండి. బంధువుల ముందు ఆ మాట ఎత్తకండి. కొన్నాళ్లు బాధపడనివ్వండి. ఆఫీసులో మాత్రం పై అధికారితో ఒక్కసారి సూటిగా మాట్లాడి, పనిలో పడమనండి. రెండు వారాలు దాటినా దిగులు తగ్గక నిద్ర, ఆకలి చెడితే మానసిక వైద్యుల్ని కలవండి.