పిల్లిమొగ్గలు సరే.. పోటీలకు పంపాలా?

సాయంత్రం ఆరున్నర. జిమ్నాస్టిక్స్ క్లాసు అయిపోయింది. ఏడేళ్ల పాప చెమటతో తడిసి ముద్దయి వచ్చి, అమ్మ చేతిలోని నీళ్ల సీసా అందుకుంది. వెనకాలే కోచ్ వచ్చాడు. 'మీ పాప ఒళ్లు విల్లులా వంగుతోంది మేడమ్. వచ్చే నెల నుంచి పోటీల బ్యాచ్‌లో వేద్దాం. ఇప్పుడు మొదలుపెట్టకపోతే ఆలస్యమైపోతుంది' అన్నాడు.

ఆ తల్లి సంతోషం అంతా ఇంతా కాదు. రాత్రి భోజనాల దగ్గర మాట బయటపెట్టేసరికి ఇల్లు రెండు పక్షాలైంది. 'మరి చదువు సంగతేంటి?' అన్నాడు తండ్రి. 'ఆడపిల్లరా.. చెయ్యో కాలో విరిగితే రేపు ఎవరు చూస్తారు?' అంది నానమ్మ. 'సింధు వాళ్లమ్మానాన్నలూ ఇలాగే భయపడి ఉంటే ఒలింపిక్ పతకాలు వచ్చేవా?' అన్నాడు బాబాయి. అందరూ మాట్లాడారు. ఒక్కరినే ఎవరూ అడగలేదు. కంచం ముందు కూర్చున్న ఆ పిల్లని.

పిల్లల్ని జిమ్నాస్టిక్స్‌కి పంపే ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఈ చర్చ తప్పదు. అవునో కాదో చెప్పేముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

సరదా వేరు.. సాధన వేరు

మామూలు బ్యాచ్ అంటే వారానికి రెండు మూడు రోజులు, రోజుకో గంట. పోటీల బ్యాచ్ అలా కాదు. చాలాచోట్ల వారానికి ఐదారు రోజులు, రోజుకు రెండు మూడు గంటలు సాధన ఉంటుంది. వేసవి సెలవుల్లో అమ్మమ్మగారింటికి వెళ్లడం, చుట్టాల పెళ్లిళ్లు, స్నేహితుల పుట్టినరోజులు.. అన్నింటికీ కోత పడుతుంది.

ఆడపిల్లలకు ఇందులో నాలుగు అంశాలుంటాయి. వాల్ట్, అనీవెన్ బార్స్, బ్యాలెన్స్ బీమ్, ఫ్లోర్. బీమ్ వెడల్పు 10 సెంటీమీటర్లే. పెద్దల పోటీల్లో అది నేల నుంచి 125 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కింద అలవోకగా వేసిన పిల్లిమొగ్గే దాని మీద వేయాలంటే పెద్ద పిల్లలకూ గుండె దడదడలాడుతుంది. ఒకే విన్యాసాన్ని వందలసార్లు చేయాలి. పడాలి, లేవాలి. పిల్ల ఒళ్లు వంగుతోందా అన్నదానికంటే ఆ చేసిందే చేయడం తనకు నచ్చుతోందా అన్నది ముఖ్యం.

నిజంగా ఆలస్యమవుతుందా?

ఈ ఆటకు చిన్నతనంలోనే పునాది పడాలన్న మాటలో నిజముంది. కానీ తొందరపెట్టినంత తొందరేమీ లేదు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో రొమేనియా అమ్మాయి నదియా కొమనేచి నూటికి నూరు మార్కులు తెచ్చుకున్నప్పుడు ఆమె వయసు 14 ఏళ్లు. ఇప్పుడైతే ఆ వయసులో ఒలింపిక్స్‌లోకి రానివ్వరు. అమ్మాయిలకు ఆ ఏడాదిలో 16 నిండాల్సిందే. అబ్బాయిలకైతే 18. అమెరికాకు చెందిన సిమోన్ బైల్స్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది 27 ఏళ్ల వయసులో.

మన దగ్గరా అంతే. అగర్తలా అమ్మాయి దీపా కర్మాకర్ ఆరేళ్లప్పుడు సాధన మొదలుపెట్టింది. ఆమెవి చదునైన పాదాలు, ఈ ఆటకు పెద్ద ఇబ్బంది. కోచ్ విశ్వేశ్వర్ నందీ, ఆమె కలిసి ఓపిగ్గా ఆ లోపాన్ని అధిగమించారు. 2016 రియో ఒలింపిక్స్ వాల్ట్‌లో నాలుగో స్థానంలో నిలిచేనాటికి ఆమెకు 23 ఏళ్లు. అంటే పదిహేడేళ్ల ప్రయాణం. హైదరాబాదీ బుద్దా అరుణారెడ్డి మొదట నేర్చుకున్నది కరాటే. ఆమె చురుకు చూసి తండ్రి జిమ్నాస్టిక్స్ వైపు మళ్లించారు. 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్ కాంస్యం గెలిచి, ప్రపంచకప్ జిమ్నాస్టిక్స్‌లో వ్యక్తిగత పతకం తెచ్చిన తొలి భారతీయురాలైంది. ఇంత దూరపు దారిలో ఓ ఆర్నెల్లు ఆలోచించుకుంటే కొంపలేం మునిగిపోవు.

ఒళ్లు చెప్పే మాట వినాలి

ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో మెత్తటి భాగాలుంటాయి. ఎముక పొడవు పెరిగేది అక్కడే. జిమ్నాస్టిక్స్‌లో కాళ్లతోపాటు చేతులూ ఒంటి బరువు మోస్తాయి కాబట్టి మణికట్టు దగ్గర ఆ భాగం దెబ్బతినే ప్రమాదం ఉంది. మడమలు, నడుము మీదా భారం ఎక్కువే. ఈ చోట్ల నొప్పి రోజుల తరబడి తగ్గకపోతే 'అలవాటైపోతుందిలే' అని ఊరుకోకుండా ఎముకల డాక్టర్‌కి చూపించాలి.

పిల్ల వయసు ఎన్నేళ్లో వారానికి అన్ని గంటలకు మించి ఒకే ఆటలో సాధన చేయించకూడదన్నది క్రీడా వైద్యులు చెప్పే ఓ సులువైన లెక్క. ఏడేళ్ల పాపకు ఏడు గంటలన్నమాట. వారంలో ఒకటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి ఉండాలి. అన్నం, పప్పు, గుడ్డు, పాలు, పండ్లు కడుపునిండా పెట్టాలి. 'బరువు తగ్గించండి' అని పసిపిల్లకు చెప్పే చోట జాగ్రత్తపడాలి. తినాల్సినంత తినకుండా సాధన చేస్తే ఎముకలు బలహీనపడతాయి. పదిహేనేళ్లొచ్చినా పుష్పవతి కాకపోతే అది కష్టపడుతోందనడానికి గుర్తు కాదు, డాక్టర్ని కలవాల్సిన సంగతి.

తలుపులు తెరిచి ఉన్నాయా?

అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు వైద్యుడు లారీ నాసర్ చికిత్స పేరుతో ఏళ్ల తరబడి అమ్మాయిలపై అఘాయిత్యాలు చేశాడు. 2018లో 150 మందికి పైగా కోర్టులో గోడు వినిపించారు. వాళ్లలో కొందరు ఎప్పుడో చెప్పినా పెద్దలు పట్టించుకోలేదు. బ్రిటన్‌లో 2022లో వెలువడిన విచారణ నివేదికలోనూ గాయాలతో సాధన చేయించడం, బరువు పేరుతో అవమానించడం వంటివి బయటపడ్డాయి. సౌకర్యాలకు లోటు లేని దేశాలవి. లోటల్లా పిల్లల మాట వినే చెవికే.

అందుకే హాలు చూడ్డానికి వెళ్లినప్పుడు పరుపుల నాణ్యతతోపాటు మరికొన్ని కనుక్కోవాలి. తల్లిదండ్రులు కూర్చుని చూడొచ్చా? పిల్ల భయమంటే కోచ్ ఏమంటాడు? దెబ్బ తగిలితే ఏం చేస్తారు? పోటీలకు వేరే ఊరు వెళ్తే ఆడపిల్లల వెంట మహిళలు ఉంటారా? విన్యాసం నేర్పేటప్పుడు కోచ్ నడుమో, వీపో పట్టుకోవడం మామూలే. ఎక్కడ, ఎందుకు పట్టుకుంటారో, ఏది సరికాదో ఇంట్లోనే పిల్లకు చెప్పి ఉంచాలి.

'చాలు' అనే హక్కు

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో సిమోన్ బైల్స్ గాల్లో తిరిగేటప్పుడు తన ఒడుపు తప్పుతోందని గ్రహించి చాలా పోటీల నుంచి తప్పుకొంది. ఎన్నో విమర్శలొచ్చాయి. ఆగడం తెలిసింది కాబట్టే మూడేళ్ల తర్వాత పారిస్‌లో మళ్లీ నిలబడగలిగింది. నొప్పి, భయం, చాలు.. ఈ మూడు మాటలూ పిల్ల ధైర్యంగా అనగలిగి, హాల్లోనూ ఇంట్లోనూ ఎవరో ఒకరు వింటారంటే పోటీల్లోకి పంపొచ్చు. లేదంటే ఎంత ప్రతిభ ఉన్నా ఆగడమే మేలు. ఒకసారి సరేనన్నాక మళ్లీ వెనక్కి రాకూడదనీ లేదు. మూడు నెలలకోసారి కూర్చుని మాట్లాడుకోవాలి. సెలవు రోజున తనంతట తనే హాల్లో మొగ్గలు వేస్తోందా, క్లాసున్న రోజే కడుపునొప్పి అంటోందా.. జవాబు అక్కడే దొరుకుతుంది.

ఆ ఇంట్లో మర్నాడు పొద్దున జడ వేస్తూ అమ్మే అడిగింది. పాప కాసేపు ఆలోచించింది. 'నాకు బీమంటే భయం. అయినా దాని మీద నడవాలనుంది. కానీ ఆదివారం వెళ్లను. నానమ్మ దగ్గరే ఉంటా' అంది.

వారానికి నాలుగు రోజులు, దసరా దాకా చూద్దాం అనుకున్నారు. 'శనివారం నేనూ వస్తా.. అదేదో బీమంట, నేనూ చూడొద్దూ' అంది నానమ్మ.