రెక్క బిగింపు చూశాకే డ్రోన్ లేవాలి

ఎడపల్లి: వరికి మందు కొట్టే డ్రోన్ ఊరికి వచ్చిందంటే గెట్ల మీద జాతరే. పొలం యజమాని, కైకిలి వాళ్లు, బడి లేని రోజైతే పిల్లలు అంతా చుట్టూ మూగుతారు. కిరాయికి తెచ్చిన యువకుడు వ్యాను నుంచి దించి మడత రెక్కలు విప్పుతాడు, ట్యాంకులో మందు పోస్తాడు, బ్యాటరీ తగిలిస్తాడు. ఎకరం 10 నిమిషాల్లో అయిపోతుంది. కూలీలు దొరకని రోజుల్లో ఈ వేగం రైతుకు ముద్దు, కిరాయిదారుకు లాభం. ఈ హడావిడిలో రెక్కల బోల్టులను ఒక్కసారి చేత్తో పట్టి చూసేవారు మాత్రం తక్కువ.

10 లీటర్ల ట్యాంకు డ్రోన్ మందుతో నిండుగా లేచేటప్పుడు బరువు 20 కిలోలు దాటుతుంది. ఆ బరువంతా నాలుగో ఆరో పంకాల మీదే ఆధారపడి ఉంటుంది. నిమిషానికి వేల చుట్లు తిరిగే రెక్క కంటికి ఆనదు. బోల్టు వదులై రెక్క ఊడితే అది ఎటు పోతుందో చెప్పలేము. రెక్క పోయిన యంత్రం గెట్టు మీది మనుషుల మీదికే ఒరగవచ్చు.

యంత్రం దగ్గర జాగ్రత్త ఈ ప్రాంతానికి కొత్త కాదు. కరెంటు మోటార్లు రాకముందు బావుల మీద డీజిల్ ఇంజన్లను హ్యాండిల్ తిప్పి స్టార్టు చేసినవారు ఊళ్లలో ఇంకా ఉన్నారు. హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలు చుట్టూ వేయరాదని, మిగతా వేళ్ల పక్కనే ఉంచాలని పెద్దలు ముందుగా చెప్పేవారు. ఇంజన్ ఎదురు తన్నితే హ్యాండిల్ చేతిలోంచి జారిపోవాలి గాని మణికట్టు విరగరాదని వారి ఉద్దేశం.

ఎన్.సి.సి. ఎయిర్ వింగ్‌లో విద్యార్థులకు నేర్పే బొమ్మ విమానాల విద్యలోనూ ఇదే పాఠం. అరచేతిలో ఇమిడే నూనె ఇంజన్ అయినా దాని పంకా వేలు తెగ్గొట్టగలదు. అందుకే ఇరుసుకు పంకా తొడిగి, వాషరు వేసి, నట్టును చేత్తో తిప్పి వదిలేయక పానాతో బిగిస్తారు. ఆ బిగించడంలోనూ లెక్క ఉంది. సిలిండర్‌లో బిగువు మొదలయ్యే చోట రెక్క గడియారంలో 10 గంటల ముల్లులా ఏటవాలుగా నిలిచేలా చూసుకుంటారు. అలా ఉంటే కొట్టిన చెయ్యి కిందికి సాగి పంకా దారి నుంచి తప్పుకుంటుంది. తెలిసినవారు వేలు కూడా వాడరు, రబ్బరు తొడుగు వేసిన కర్రతో తిప్పుతారు. ఇంజన్ అందుకున్నాక వెనుకవైపు నుంచే సర్దుతారు. పంకా తిరిగే వరుసలో ఎవరినీ నిలబడనివ్వరు. కట్టె పంకా నట్టు కింద నలుగుతుంది గనుక మళ్లీ మళ్లీ బిగించి చూస్తారు. నట్టు వదులుగా ఉంటే ఇంజన్ ఒక్కసారి ఎదురు తన్నగానే నట్టూ పంకా కలిసి ఎగిరిపోతాయి.

డ్రోన్‌కు ఈ తిప్పుడు లేదు, అందుకే భయమూ పోయింది. డీజిల్ ఇంజన్ దగ్గి, పొగ వదిలి, లేచే ముందు మనిషిని హెచ్చరించేది. బ్యాటరీ మోటారుకు ఆ మర్యాద తెలియదు. రిమోటు పుల్ల కదిలిందంటే అన్ని పంకాలూ ఒక్కసారే తిరుగుతాయి. కనుక రిమోటు ముందు వేయాలి, బ్యాటరీ అన్నిటికన్నా చివర తగిలించి దూరం జరగాలి. దిగిన తరువాత పంకాలు పూర్తిగా ఆగాలి, మోటార్లకు రిమోటు మీద తాళం పడాలి, అప్పుడే ఎవరైనా దగ్గరికి పోవాలి. దిగుతున్న డ్రోన్‌కు ఎదురు పరుగెత్తే పిల్లలను ఆపడం ఆ పొలం పెద్దల పని.

రెక్కల సంగతి ఇంకా ఉంది. పక్కపక్క మోటార్లు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిరుగుతాయి. కుడి పంకాను ఎడమ మోటారుకు తొడిగితే యంత్రం లేవకపోగా బోర్లా పడుతుంది. మడత రెక్క బోల్టు మరీ బిగిస్తే రెక్క సరిగా విచ్చుకోక యంత్రమంతా వణుకుతుంది, వదిలేస్తే ఆ వణుకుకే బోల్టు ఊడుతుంది. అంచు చిట్లిన రెక్కను అతికించి వాడడం పిసినారితనం, జత మొత్తం మార్చాలి. మందు నీళ్లు ఆరిపోయి పేరుకున్న చోట పగులు కనిపించదు గనుక ప్రతి సాయంత్రం కడిగి తుడవాలి. ఇదంతా చేస్తే టైము పోతుందని కిరాయిదారులు అంటారు. ఆరు పంకాలు పట్టి చూడడానికి బీడీ కాల్చినంత సేపు కూడా పట్టదు.

చట్టమూ ఊరుకోలేదు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఈ బరువు యంత్రం నడిపేవారికి పైలట్ సర్టిఫికెట్, యంత్రానికి గుర్తింపు నంబరు, ఇతరులకు జరిగే నష్టానికి బీమా ఉండాలి. మందు కొట్టించుకునే రైతు ఈ మూడూ అడిగి చూడవచ్చు. కైకిలి మనిషికి దెబ్బ తగిలితే ఆ బీమా కాగితమే దిక్కు. మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే పథకానికి 2023 నవంబరులో కేంద్రం ఆమోదం తెలిపింది. అందులో నడిపే మహిళతో పాటు మరమ్మతు, బిగింపు నేర్చుకునే సహాయకులకూ శిక్షణ పెట్టారు. ఆలోచన మంచిదే. కిరాయి వ్యానుల్లో ఆ రెండో మనిషి కూడా ఉండాలి.

పానా పట్టే చేతులకు ఇక్కడ కరువు లేదు. 1937లో మొదలై 2015 డిసెంబరులో మూతపడిన శక్కర్‌నగర్ ఫ్యాక్టరీలో బోల్టు బిగువు, బేరింగు మోత చెవితో పట్టిన ఫిట్టర్లు చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు. ఎడపల్లి, జానకంపేట, ఠాణాకలాన్ యువకులకు వారితో ఒక పూట చూపించడానికి వ్యవసాయ శాఖకు పెద్ద ఖర్చు కాదు. వానాకాలం మందుల అదను రాకముందే రైతు వేదికల్లో ఆ పని జరగాలి. కిరాయి డ్రోన్ వ్యానులో పానా, మార్చే రెక్కల జత, గెట్టు మీద జనాన్ని ఆపే తాడు ఉన్నాయో లేదో అధికారులు ఆ రోజే చూడాలి.