దారి తెలిసినవారిదే టాటానగర్

జంషెడ్‌పూర్: సువిశాలమైన వీధులకు, నీడనిచ్చే చెట్లకు, క్రమపద్ధతిలో నిర్మించిన కాలనీలకు పేరొందిన ఈ ఉక్కు నగరంలో కొత్తగా అడుగుపెట్టినవారికి తొలి పరీక్ష టాటానగర్ స్టేషన్ వెలుపలే ఎదురవుతున్నది. వాహనాలకు కొరత లేదు. ఏ వాహనం ఎటు పోతుందో, ఎంత చెల్లించాలో తెలిపే ఏర్పాటే అంతంతమాత్రం. ఉపాధి కోసమో చదువు కోసమో వచ్చినవారు దారి తెలిసేదాకా అదనపు చార్జీల రూపంలో ఈ లోపానికి మూల్యం చెల్లిస్తున్నారు.

2011 జనాభా లెక్కల ప్రకారం జంషెడ్‌పూర్ మహానగర ప్రాంత జనాభా 13 లక్షలకు పైబడి ఉంది. ఇంతటి నగరంలో రాకపోకల భారాన్ని ప్రధానంగా మోస్తున్నవి స్థానికులు ‘టెంపో’లని పిలుచుకునే షేర్ ఆటోలు, ప్రైవేటు మినీ బస్సులు. సాక్చీ, బిష్టుపూర్, మాంగో, కద్మా, సోనారీ, టెల్కో అంటూ డ్రైవర్లు వేసే కేకలే ఇక్కడ రూటు బోర్డులు. చాలా చోట్లకు వెళ్లాలంటే సాక్చీలోనో బిష్టుపూర్‌లోనో బండి మారక తప్పదు. రైల్వే స్టేషన్ నగరానికి దక్షిణాన ఉండగా, దూరప్రాంత బస్సులు నిలిచే మాంగో బస్ స్టాండు నగరానికి అటు చివర, సువర్ణరేఖ నదికి ఇవతలి వైపు ఉంది. అంటే రైలు దిగి బస్సెక్కవలసిన ప్రయాణికుడు ముందు నగరాన్ని దాటాలి. సామానుతో నిలబడిన కొత్తవారికి మొదట వినిపించే మాట ‘రిజర్వ్’. సీటు లెక్కన కాక, బండి మొత్తానికి కిరాయి చెల్లించాలని దాని భావం.

స్టేషన్‌కు అతి చేరువలో ఉన్న బాగ్‌బేరా పరిస్థితి మరింత ఆలోచింపజేసేది. ఉక్కు కంపెనీ నిర్వహణలోని పట్టణ ప్రాంతానికి వెలుపల, గ్రామ పంచాయతీల పరిధిలో ఉన్న ఈ బస్తీని జనగణన శాఖ పట్టణంగానే లెక్కిస్తున్నది. ఇక్కడివారి ఉద్యోగాలు, బజారు పనులు చాలావరకు నగరంతోనే ముడిపడి ఉన్నాయి. వారు రోజూ దాటే సరిహద్దులు మాత్రం పలువురు అధికారులవి. నగరంలో నోటిఫైడ్ ఏరియా కమిటీ, పక్కనే జుగ్‌సలాయికి, నదికి ఆవలి మాంగోకు వేర్వేరు పురపాలక వ్యవస్థలు, ఖర్కాయి నదికి అటువైపు ఆదిత్యపూర్ ఏకంగా వేరే జిల్లా. ప్రయాణం ఒకటే అయినా దానికి బాధ్యులెవరన్న ప్రశ్నకు ఒకే సమాధానం దొరకదు.

ఈ నగరంతో తెలుగువారి అనుబంధం పాతది. టాటా ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడింది. 1919లో సాక్చీకి జంషెడ్‌పూర్ అని, కాలీమాటీ స్టేషన్‌కు టాటానగర్ అని పేర్లు వచ్చాయి. వాల్తేరును, ఈ ప్రాంతాన్ని ఒకే బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కలిపి ఉంచడంతో ఉత్తరాంధ్ర జిల్లాలవారికి రైల్వే కొలువులతో పాటు ఈ దారీ తెలిసివచ్చింది. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు నిలిచిన ఆనవాలు. అప్పట్లో కొత్తగా వచ్చినవారికి ముందే వచ్చిన బంధువో, ఊరివాడో స్టేషన్‌కు ఎదురువచ్చి దారి చూపేవాడు. అటువంటి అండ లేకుండా వచ్చేవారి గతేమిటన్నదే నేటి ప్రశ్న.

ఈ అవ్యవస్థకు మూలం చట్టంలోనూ కొంత ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం, దారి పొడవునా సీటు లెక్కన ప్రయాణికులను ఎక్కించుకుని దింపడం స్టేజి క్యారేజి పర్మిట్ గల వాహనాల పని. ఆటోలకు సాధారణంగా లభించేది కాంట్రాక్టు క్యారేజి పర్మిట్. దేశంలో అనేక పట్టణాలలో షేర్ ఆటోలు అధికారుల ఉపేక్షపై ఆధారపడే నడుస్తున్నాయి. కాగితం మీద లేని సర్వీసుకు నంబరు, వేళలు, చార్జీల పట్టిక ప్రకటించేదెవరు? ఫలితంగా సమాచారమంతా డ్రైవరు నోటనే మిగిలిపోతున్నది. పాత ప్రయాణికుడికి అది అలవాటు, కొత్తవాడికి అది ఖర్చు.

బస్సులు ప్రవేశపెట్టే యత్నాలు జరగకపోలేదు. 2005లో ప్రారంభమైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకంలో జంషెడ్‌పూర్‌కు స్థానం లభించింది. ఆ పథకం కింద సిటీ బస్సులు వచ్చినా, నిర్వహణ కొరవడి అవి నిలదొక్కుకోలేకపోయాయి. 2000లో ఏర్పడిన జార్ఖండ్‌లో మన ఆర్టీసీ స్థాయి సంస్థ లేకపోవడం గమనార్హం. 1958లో ఏర్పాటైన ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీకి నష్టాలు, విమర్శలు తప్పకపోయినా, బస్సు నుదుట నంబరు, కండక్టరు చేతి టిక్కెట్టు కొత్త ప్రయాణికుడికీ పాత ప్రయాణికుడికీ ఒకే న్యాయం చేస్తాయి. వ్యవస్థీకృత బస్సు సర్వీసులు లేని నగరాలకు ప్రాధాన్యమిస్తూ 10 వేల విద్యుత్ బస్సులు నడిపేందుకు కేంద్ర ప్రభుత్వం 2023లో పి.ఎం. ఈ-బస్ సేవ పథకాన్ని ఆమోదించింది. అయితే నడిపే యంత్రాంగం లేనిదే బస్సులు ఏ గతి పట్టగలవో జంషెడ్‌పూర్ అనుభవమే చెబుతున్నది.

కొత్త బస్సులు వచ్చేలోగా చేయదగిన పని లేకపోలేదు. ఇప్పుడు నడుస్తున్న టెంపోలకు రూట్ల వారీగా పర్మిట్లు, రంగులు లేదా నంబర్లు నిర్ణయించి, స్టేషన్, బిష్టుపూర్, సాక్చీ, మాంగోలలో చార్జీల బోర్డులు పెట్టడానికి వందల కోట్లు అవసరం లేదు. పంచాయతీలతో సహా అన్ని పాలనా విభాగాలూ ఒక నిర్ణయానికి కట్టుబడితే చాలు. మనుషుల రాకపోకలకే తప్ప వాహనాలకు ప్రాధాన్యం కాదని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం చాటింది. ఆ మాట స్టేషన్ గుమ్మంలో ఒక బోర్డుగా కనిపించేవరకు, ఈ నగరంలో రవాణా సౌకర్యం దారి తెలిసినవారికే పరిమితమవుతుంది.