సీసాలో పోస్తే క్రాఫ్ట్, కుండలో కాస్తే కేసు

జిన్ అంటే ఏమిటో తెలుసా మిత్రులారా? పెద్ద మాయ ఏం లేదు. ధాన్యం నుంచి తీసిన స్పిరిట్‌లో జూనిపర్ కాయలు, ధనియాలు, నిమ్మతొక్కలు, వేర్లు వేసి ఇంకోసారి బట్టీ పట్టడమే. 2017, 2018 నుంచి గోవాలో గ్రేటర్ దాన్, స్ట్రేంజర్ అండ్ సన్స్ లాంటి జిన్‌లు వచ్చినాయి. హపూసా అనే జిన్‌లో హిమాలయాల జూనిపర్ వేస్తారు. "మన నేల రుచి" అని చెప్పి అమ్ముతారు. సంతోషమే.

మన రాష్ట్రంలోనూ ఉంది. చిత్తూరు జిల్లాలో డెస్మండ్ నజరెత్ కంపెనీ రాయలసీమ గట్ల మీద పెరిగే కిత్తనార నుంచి మద్యం తీసింది. తర్వాత ఇప్పపువ్వు మద్యాన్ని కూడా సీసాలో పెట్టి 2018లో గోవాలో అమ్మకానికి తెచ్చింది. ఆయన మీద నాకు కోపం లేదు. ఇప్పపువ్వుకు మర్యాద ఉందని చూపించినాడు. నా ప్రశ్న వేరు: ఆ మర్యాద మా తండాకు ఎందుకు లేదు?

ఇప్పపువ్వును నేరం చేసింది మన దేవుళ్ళు కాదు, తెల్లదొరలు. 1878లో బొంబాయి ఆబ్కారీ చట్టం, 1892లో ఏకంగా ఇప్పపువ్వు మీదే ఒక చట్టం. దొర పోయినా చట్టం బుద్ధి పోలేదు. తండాలో ఊట కుండ దొరికితే పగలగొడతారు, మనిషిని పట్టుకుపోతారు. 1968 ఎక్సైజ్ చట్టం కింద జైలు.

"అయితే సారా కాయమంటావా?" అని అడగొద్దు. 1992లో దూబగుంట ఆడోళ్ళు చేసిన పోరాటం న్యాయమైనది. సారా మా ఇళ్ళూ కూల్చింది. నేనడిగేది తాగే హక్కు కాదు. అడవి సరుకు మీద, దాని గురించిన తెలివి మీద ఎవరికి హక్కు?

నన్నారినే చూడండి. ఎండాకాలంలో ఆదోనిలో, ఎమ్మిగనూరులో మనం తాగే షర్బత్తే. దాని వేరు మాకలిబేరు. నల్లమలలో చెంచులు రాళ్ళ సందుల్లో గడ్డపారతో తవ్వి తెస్తారు. రేపు ఎవరో "నల్లమల నన్నారి జిన్" తెస్తే లేబుల్ మీద కొండ బొమ్మ ఉంటుంది. తవ్వినోడికి కిలో రేటు తప్ప ఏం దక్కుతుంది?

2002 జీవవైవిధ్య చట్టం లాభంలో వాటా ఇవ్వమంటుంది. 2023 సవరణలో ఆ చట్టం మీరితే ఉన్న జైలు తీసేసి జరిమానా చేసినారు. అంటే వాటా ఎగ్గొట్టిన కంపెనీకి జరిమానా, కుండ పెట్టినోడికి జైలు!

ఇంకో మాట. పెసా చట్టం అడవి ఫలసాయం మీద హక్కు, మద్యాన్ని ఆపే అధికారం కూడా గ్రామసభకే ఇచ్చింది. కానీ అది ఐదో షెడ్యూల్ ప్రాంతాలకే. పాత కర్నూలు జిల్లాలో ఒక్క ఊరూ అందులో లేదు. గోనెగండ్ల తండాలూ లేవు, చెంచుగూడేలూ లేవు.

అందుకే మూడు డిమాండ్లు. ఒకటి, చెంచుగూడేలను ఐదో షెడ్యూల్‌లో చేర్చాలి. రెండు, అడవి వేరు, పువ్వు వాడే ప్రతి కంపెనీ ఏ ఊరి నుంచి కొన్నదో, ఎంత వాటా ఇచ్చిందో లేబుల్ మీద రాయాలి. మూడు, లైసెన్సు ఇచ్చేదుంటే ముందు ఆ ఊరి గ్రామసభను అడగాలి. వద్దంటే వద్దు.

అడవి పేరు అమ్ముకునేవాళ్ళారా, అడవి మనుషులకు లెక్క చెప్పండి!