ముందు బీడీ మానాలి, తర్వాతే మూలకణాలు

మొన్న జుమా నమాజు అయ్యాక ఒక సోదరుడు నా పక్కన కూర్చుని కాలి వేలు చూపించాడు. నల్లబడి ఉంది. ఇరవై ఏళ్లుగా బీడీలు తాగుతున్నాడు. "మౌల్వీసాబ్! మూలకణాల వైద్యంతో కాలు దక్కుతుందట. ఇల్లు తాకట్టు పెట్టి చేయించుకుందామనుకుంటున్నాను. ఇది జాయెజేనా?" అని అడిగాడు.

జాయెజ్ సంగతి తేలికే. పెద్దల శరీరం నుంచి వారి సమ్మతితో, వారికి హాని లేకుండా తీసిన మూలకణాలను చికిత్సకు వాడవచ్చని 2003 డిసెంబరులో మక్కాలో సమావేశమైన రాబితా ఫిఖ్హ్ మండలి తీర్మానించింది. ఈ జబ్బుకు మన దేశంలో అనుమతి పొందిన స్టెంప్యూసెల్ అనే మందు దాతల ఎముక మజ్జ నుంచి తయారవుతుంది, పిండాల నుంచి కాదు.

అసలు ప్రశ్న, అది ఎంతవరకు పనిచేస్తుందన్నది. పొగాకు వాడేవారికి, ముఖ్యంగా యువకులకు, కాళ్లూ చేతుల రక్తనాళాలు వాచి, రక్తం గడ్డకట్టి మూసుకుపోయే జబ్బును బర్జర్స్ వ్యాధి అంటారు. మొదట నడిస్తే నొప్పి, తర్వాత కూర్చున్నా నొప్పి, ఆపైన మానని పుండు. ఈ మందును పిక్క కండరంలోకి ఎక్కిస్తే కొత్త సన్నని రక్తనాళాలు పుట్టుకొస్తాయని ఆశ. ఈ వ్యాధికి 2016లో పరిమిత అనుమతి లభించింది. కొవ్వు పేరుకుని నాళాలు పూడిపోయిన వారికి కూడా 2020లో అనుమతించారు. 90 మంది బర్జర్స్ రోగులపై జరిగిన ప్రయోగంలో నొప్పి తగ్గింది, పుండ్లు మానడం మెరుగైంది. అయితే నెదర్లాండ్స్‌లో 160 మందికి మరో పద్ధతిలో, వారి మజ్జ కణాలనే ధమనిలోకి ఎక్కించి చూస్తే, కాలు తీసివేయవలసిన అవసరం తగ్గలేదని 2015లో తేలింది. కనుక ఆశ ఉంది, హామీ లేదు.

ఈ తేడాను దాచిపెట్టి, మూలకణాలతో సర్వరోగాలూ నయమంటూ లక్షలు గుంజేవారున్నారు. అనుమతి లేని మూలకణ చికిత్సను ప్రయోగంగా మాత్రమే చేయాలని, అందుకు రోగి నుంచి డబ్బు తీసుకోరాదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. వైద్యం తెలియకుండా వైద్యం చేసి హాని కలిగించినవాడే దానికి బాధ్యుడన్నది మన ప్రవక్త (స) బోధ.

సోదరులారా! పొగాకు మానకుండా ఏ మందు వేసినా ఈ జబ్బు ఆగదు. బీడీయే కాదు, జర్దా, గుట్కా కూడా పొగాకే. పూర్తిగా మానేసినవారిలో కాలు పోయే ప్రమాదం బాగా తగ్గుతుంది. దీనికి ఖర్చేమీ లేదు. శరీరం అల్లాహ్ మనకిచ్చిన అమానత్. చేతిలో బీడీ పట్టుకుని షిఫా కోసం దుఆ చేయడం తవక్కుల్ కాదు.

ఆ సోదరునితో ఇంతే అన్నాను: "భాయ్! నల్లబడ్డ వేలును నిర్లక్ష్యం చేయకు. ఈ రోజే పెద్దాసుపత్రికి వెళ్లి రక్తనాళాల డాక్టరుకు చూపించు. బైపాస్, బెలూన్ చికిత్సలు వీలవుతాయా అని అడుగు. మూలకణాలంటే, నీ జబ్బుకు అనుమతి ఉన్న మందేనా అని అడుగు. ఇంటి కాగితాలు పెట్టెలోనే ఉండనివ్వు. జేబులోని బీడీకట్ట మాత్రం ఇక్కడే పారేసి వెళ్లు."

అల్లాహ్ రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.