పెద్దమండ్యంలో నీళ్లు ఎన్ని డిగ్రీలకు మరుగుతాయి?

నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుందని వ్రాసిన విద్యార్థికి పరీక్షలో పూర్తి మార్కు వస్తుంది. 98 అని వ్రాసినవాడికి సున్న. పెద్దమండ్యం మండలంలో చదువుకునే పిల్లల విషయంలో యీ ఇద్దరిలో నిజం చెప్పినవాడు రెండోవాడే. పదార్థ స్థితులు, పదార్థ ధర్మాలు అనే పాఠం మన హైస్కూళ్లలో ఏ విధంగా నడుస్తున్నదో చెప్పటానికి నాకు యీ ఒక్క ఉదాహరణ చాలు.

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. ఎత్తుకు పోయినకొద్దీ మన మీది గాలి బరువు తగ్గుతుంది. నీటిని అణచిపెట్టే ఒత్తిడి తగ్గేసరికి అది తొందరగా మరుగుతుంది. సుమారు 300 మీటర్ల ఎత్తుకు ఒక డిగ్రీ చొప్పున మరుగుస్థానం దిగుతుంది. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున వున్నది. దానికి ఉత్తరాన తంబళ్లపల్లె వైపున్న పెద్దమండ్యం కొంత దిగువే కావచ్చు, కాని సముద్రతీరం మాత్రం కాదు. ఇక హార్సిలీ కొండ నాలుగువేల అడుగులు దాటినది. (1870 ప్రాంతంలో కడప కలెక్టరు హార్సిలీ దొర అక్కడ ఇల్లు కట్టుకోకముందు దాన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనేవారు.) ఆ కొండమీద నీళ్లు 96 దగ్గరే తెర్లుతాయి.

ఆ వైపు ఒక బడిలో నేనీ ప్రయోగం చూశాను. బడి పేరు అనవసరం, ఎందుకంటే ఇంకో బడిలోనైనా ఇంతకంటె వేరుగా జరగదు. స్టవ్వు మీద నీళ్లు కళపెళ మరుగుతున్నాయి, థర్మామీటరు 98 దగ్గర నిలిచిపోయింది. పిల్లలు రికార్డు పుస్తకంలో 100 అని వ్రాసుకున్నారు. ఎందుకు వ్రాశారని అడిగితే, “థర్మామీటరు చెడిపోయింది సార్” అన్నారు.

నన్ను భయపెట్టింది ఆ జవాబు. పదమూడు, పధ్నాలుగేళ్ల పిల్లలు తమ కళ్లు చెప్పినదాన్ని అబద్ధమనీ, ముద్రించిన మాటను నిజమనీ నిర్ణయించుకున్నారు. ఆ నిర్ణయం తీసుకోవటానికి వాళ్లకు క్షణం పట్టలేదు. వాళ్లను ఎవరూ బలవంతపెట్టలేదు కూడా. మనం సైన్సు పేరుతో నేర్పిన విద్య అది.

రచయితల పత్రికలో యీ మరుగుస్థానాల గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిన నాటినుంచి మనం భౌతికవాదం గురించి మాట్లాడుతూనే వున్నాం. భూతపదార్థం ప్రాథమికమనీ, చైతన్యం దాని తరువాతిదనీ ఎన్నో వ్యాసాలు వ్రాసుకున్నాం. కాని మన పిల్లలు పదార్థమనే మాటను మొట్టమొదట వినే చోట, ఆ హైస్కూలు తరగతి గదిలో, ఏం జరుగుతున్నదో పట్టించుకున్నవాళ్లం చాలా తక్కువ. “స్థలాన్ని ఆక్రమించి, ద్రవ్యరాశి కలిగివుండునది పదార్థం” అని నలభైమంది ఒక్క గొంతుతో వల్లిస్తున్నప్పుడు, ఆ గదిలో పదార్థం లేదు. మంత్రం వున్నది.

పుస్తకాన్ని ఆడిపోసుకోవటం నా ఉద్దేశం కాదు. మరుగుస్థానం నిర్వచనంలో “వాతావరణ పీడనం వద్ద” అన్న మాట పుస్తకంలో వున్నది. పీడనం పెంచితే వాయువు ద్రవమవుతుందని కూడా వున్నది. ఆ మాటను మింగింది గైడు. మార్కు తెచ్చిపెట్టని మాటను గైడు ఎందుకు మొయ్యాలి? అసలు పాఠమంతా ఆ మాటలోనే వున్నదని గైడు వ్రాసేవాడికి తెలియదు, తెలిసినా అతనికి అక్కరలేదు. ధర్మం పదార్థానికి నుదుటిమీద వ్రాసిపెట్టినది కాదు, పరిస్థితులనుబట్టి వుండేది. 1742లో సెల్సియస్ తన ఉష్ణమాపకాన్ని గురించి వ్రాసినప్పుడే, మరుగుస్థానం గాలి ఒత్తిడినిబట్టి మారుతుందని గుర్తించి, ఆ సంగతిని లెక్కలోకి తీసుకున్నాడు. పైగా ఆయన మరిగే నీటికి సున్న, గడ్డకట్టే నీటికి నూరు పెట్టుకున్నాడు. తరువాతి వాళ్లు దాన్ని తిరగేశారు. 100 అనేది మనుషులు కుదుర్చుకున్న గుర్తు. దాన్ని మనవాళ్లు వేదవాక్యం చేసి కూర్చున్నారు.

ఇక్కడ రెండు వర్గాలవారు అడ్డుపడతారు. ఇంగ్లీషు మీడియం వస్తే అంతా బాగుపడుతుందని ఒకరు, తెలుగులో చెబితే అంతా బాగుపడుతుందని ఒకరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో సర్కారు బడులను ఇంగ్లీషులోకి మార్చమని ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. తరువాత ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా పుస్తకాలు వచ్చాయి. యీ పోట్లాట జరిగినన్నాళ్లూ థర్మామీటరు బీరువాలోనే వున్నది. తాళంచెవి ఏ భాష మాట్లాడుతుందో నాకు తెలియదు.

నేను తెలుగు పక్షమే. కాని “బాష్పీభవన గుప్తోష్ణము” అని కంఠతా పట్టించటం తెలుగులో చెప్పటం అవుతుందంటే ఒప్పుకోను. మన ఇళ్లలో యీ పాఠానికి కావలసిన మాటలు బోలెడు వున్నాయి: నీళ్లు కాగుతాయి, మరుగుతాయి; పులుసు ఇగురుతుంది; నెయ్యి పేరుకుంటుంది; చెరువు ఇంకుతుంది. కాగటానికీ మరగటానికీ వున్న తేడా మా వైపు ఆడవాళ్లకు బడికి పోకుండానే తెలుసు. అయితే ఇంటి మాటలన్నీ బంగారమని ఊరేగించేవారితో కూడా నాకు పేచీ వున్నది. ఉప్పు నీళ్లలో కరుగుతుంది, వెన్న సెగకు కరుగుతుంది. రెంటికీ ఒకే మాట. జరిగినవి మాత్రం రెండు వేరువేరు పనులు. నెయ్యి పేరుకుంటే మళ్లీ కాచి కరిగించవచ్చు, పెరుగు పేరుకుంటే దాన్ని ఏ నిప్పూ పాలు చెయ్యలేదు. యీ చిక్కు తేలాలంటే శాస్త్ర పదాలు కావలసిందే. ముందు నెయ్యినీ పెరుగునూ బల్లమీద పెట్టి, తేడా చూపించి, అప్పుడు పేరు పెట్టండి. పేరు ముందు చెప్పి వస్తువును ఎన్నటికీ చూపకపోవటాన్నే నేను తప్పుపడుతున్నాను.

కర్పూరం గతీ ఇంతే. ఉత్పతనానికి ఉదాహరణ ఏదంటే రాష్ట్రమంతా కర్పూరం అంటుంది. హారతి పళ్లెంలో కర్పూరం మాయమవటం ఉత్పతనమేనా అని అడిగి చూడండి. నూటికి తొంభైమంది అవునంటారని నా అనుమానం. అది మండిపోవటం. దేవుడి గూట్లో డబ్బాలో పెట్టిన బిళ్ల నాలుగు నెలలకు చిక్కిపోతుందే, అది ఉత్పతనం. రోజూ రెండూ చూసే పిల్లలకు ఆ రెంటినీ విడదీసి చూడమని చెప్పేవాడు లేడు.

మూడో వర్గం ఇంకా ప్రమాదకరమైనది. ఇదంతా కణాదుడు ఏనాడో చెప్పాడంటారు వీరు. చెప్పింది ఏమిటో చూద్దాం. వైశేషికుల ద్రవ్యాలు తొమ్మిది. అందులో భూమి, నీరు, తేజస్సు, వాయువులతోపాటు కాలమూ, దిక్కూ, ఆత్మా, మనస్సూ వున్నాయి. అది మనం చెప్పే పదార్థం కాదు. అయితే యీ గొప్పలు చెప్పేవారు తమ పెద్దలను కూడా చదవలేదు. 17వ శతాబ్దపు మన తెలుగువాడు అన్నంభట్టు తన “తర్కసంగ్రహం”లో ద్రవత్వాన్ని రెండు రకాలుగా విడదీశాడు: నీటికి సహజంగా వున్నది, నెయ్యివంటి వాటికి వేడి కారణంగా వచ్చేది. అంటే ఆయన నెయ్యి కరగటం చూశాడు, ఆలోచించాడు. నేటి గైడుకంటె ఆయనే పదార్థానికి దగ్గరగా వున్నాడు! కాని ఆయన కొలవలేదు. నీరు కూడా గడ్డకట్టేదే గనుక దాని ద్రవత్వమూ సహజం కాదన్న ప్రశ్న ఆ విభజనలో పుట్టలేదు. మంచు కరుగుతున్నంతసేపూ వేడి పోస్తూనే వున్నా ఉష్ణోగ్రత ఎందుకు పెరగదని అడిగి, కొలిచి చూసినవాడు గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్, 1760ల మొదట్లో. పూర్వులను పూజించేవారు వారు ఆగినచోటే ఆగమంటున్నారు.

పల్లెబడుల్లో సామగ్రి ఎక్కడిదని అడుగుతారు. చిత్తూరు ప్రాంతంలో బెల్లం వండే చోట పెనం దగ్గర నిలబడితే సగం పాఠం అయిపోతుంది. చెరకురసంలో నీరు ఇగిరేకొద్దీ అది మరిగే వేడి పెరుగుతూ, పాకం దించే వేళకు 115 దాటుతుంది. వండేవాడు చన్నీళ్లలో చుక్క వేసి, వేళ్లతో నొక్కి, ఉండ కట్టిందీ లేనిదీ చూస్తాడు. అదే అతని థర్మామీటరు. ఒట్టి నీళ్లు 98కే మరిగే నేలమీద, అవే నీళ్లు చక్కెరతో కలిసి అంత వేడిదాకా పోతున్నాయి! వంటింట్లో గ్యాసుబండ వున్నది. ఒత్తిడికి ద్రవమైన వాయువు అది, కదిలిస్తే లోపల తొణుకుతుంది. కుక్కరు వున్నది; అందులో నీరు 120 దాకా పోయి గాని మరగదు. ఎండాకాలపు మట్టికుండ వున్నది. చెమర్చిన ప్రతి చుక్కా ఆవిరయ్యేటప్పుడు లోపలి నీటినుంచి వేడి గుంజుకుపోతుంది. మదనపల్లె చలికి సీసాలో గడ్డకట్టిన కొబ్బరినూనె వున్నది. స్థానిక వస్తువులతో చెప్పటం యీ ప్రాంతానికి కొత్త కూడా కాదు. ఋషివ్యాలీవారు చుట్టుపట్ల పల్లెల్లో చిన్నపిల్లలకు అలాంటి బడులు నడిపారు, ఆ పద్ధతిని ఇతర రాష్ట్రాలవారు వచ్చి చూసి నేర్చుకుపోయారు. చిన్న తరగతులకు పనికివచ్చిన పద్ధతి హైస్కూలు గడప దగ్గర ఎందుకు ఆగిపోయిందంటే, అక్కడ పదో తరగతి ఫలితాల శాతం కాపలా కాస్తున్నది.

ఉపాధ్యాయుణ్ణి తిట్టి లాభం లేదు. బీకరు పగిలితే జవాబు చెప్పవలసినవాడు అతను. శాతం తగ్గితే సంజాయిషీ ఇవ్వవలసినవాడూ అతనే. 98 వచ్చిందని వ్రాయించిన మేష్టారికి వచ్చే మెప్పు ఏమీ లేదు. కనుక నేను అడిగేది పరీక్ష పెట్టేవారిని. “మీ బడిలో నీరు ఏ ఉష్ణోగ్రత వద్ద మరిగింది? ఎలా కొలిచారు?” అని ఒక్క ప్రశ్న వెయ్యండి. ఒక్కొక్కరు ఒక్కొక్క అంకె వ్రాస్తే దిద్దటం ఎలాగని పేపర్లు దిద్దేవారు గోల పెడతారు. నెల్లూరు పిల్ల 100 అనీ, కుప్పం పిల్లవాడు 98 అనీ వ్రాస్తే, దిద్దేవారు ఒకసారి ఎత్తుల పట్టిక తెరచి చూసుకోవలసి వస్తుంది. ఆ శ్రమ వాళ్లనే పడనివ్వండి.